గూఢార్థమునకు ముందు గ్రంథము: మహాభారత ప్రవచనకర్తలకు బహిరంగ లేఖ

ఆర్యులారా,

దేవాలయ మంటపములందును, కల్యాణమండపములందును, ఇప్పుడు టెలివిజను తెరలపైనను మహాభారతమును తెలుగువారికి వినిపించుచున్న మీకు ఈ లేఖను నలుగురు చదువునట్లు వ్రాయుటకు కారణము, మీ మాటలు నలుగురు వినునవి యగుటయే. మూలమును చేతబట్టి పదునెనిమిది పర్వములును చదువువారు వేళ్లపై లెక్కింపదగినంతమంది యైన ఈ దినములలో, భారతకథ ఇంకను మన యిండ్లలో పలుకుబడియై, సామెతయై, తగవులలో తార్కాణమై నిలిచియున్నదన్నచో అది చాలవరకు మీ కంఠముల పుణ్యము. భీష్ముని ప్రతిజ్ఞ చెప్పుచుండగా వృద్ధులు కండ్లు తుడుచుకొనుటయు, ఉత్తరకుమారుని ప్రగల్భములు చెప్పుచుండగా పిల్లలు ఒకరినొకరు పొడుచుకొని నవ్వుటయు నేను మీ సభలలోనే చూచితిని. ఆ మేలును మరచి వ్రాయుచున్న లేఖ కాదిది. కాని మీరు కథను చాలించి కథ వెనుకనున్న సంగతులకు వచ్చునప్పుడు, అనగా భారతమున దాగియున్న అర్థములెట్టివి, ఆ గ్రంథము ఎప్పుడు ఎట్లు పుట్టినది యను ప్రశ్నలకు వచ్చునప్పుడు, మీ కంఠమున ఒక నిస్సంశయత ప్రవేశించుచున్నది. అట్టి నిస్సంశయత ఆ గ్రంథమునకే లేదు.

ఆరంభదినమున మీలో అనేకులు చెప్పు కథ ఒకటి కలదు. వ్యాసభగవానుడు భారతమును మనసున కూర్చుకొని వ్రాయువాడు లేక చింతించుచుండగా బ్రహ్మ వచ్చి గణపతిని స్మరింపుమనెననియు, తన గంటము నడుమ ఆగరాదని గణపతి నియమము పెట్టగా, అర్థము తెలియక అక్షరము వ్రాయరాదని వ్యాసుడు మారునియమము పెట్టెననియు, ఆ దేవలేఖకుడు క్షణమాత్రము తడవుకొనునట్లు అక్కడక్కడ ముడివడిన శ్లోకములను జొనిపెననియు, అట్టివి ఎనిమిదివేల ఎనిమిదివందలనియు, వాని యర్థము తనకును శుకునకును తెలియును గాని సంజయునకు తెలియునో తెలియదో యని వ్యాసుడే పలికెననియు ఆ కథ. వినుటకింత యింపైన కథ మరియొకటి లేదు. గ్రంథకర్త తన లేఖకుని వ్రాతవేగమునకు మురియక అర్థజ్ఞానమును కోరుట యే దేశపు సాహిత్యమునందైనను అరుదుగా కనబడు భావము. ఐతే భారతమున చెవికి వినబడునది అసలర్థము కాదనియు, అసలర్థము గురుముఖమున గాని దొరకదనియు మీరు చేయు సిద్ధాంతమంతయు ఈ కథపైననే ఆధారపడియున్నది గనుక, ఈ కథ యెక్కడిదో విచారింపక తప్పదు.

ఆస్ట్రియా దేశీయుడైన వింటర్నిట్స్ పండితుడు 1898లో, తాను చూచిన దాక్షిణాత్య ప్రతులలో ఈ గణేశోపాఖ్యానము లేదని ఎత్తిచూపెను. అంతకు ముందటేడు పారిస్ నగరమున కూడిన ప్రాచ్యవిద్వాంసుల మహాసభలో, భారతమునకు సంశోధిత ప్రతి లేనిదే దాని చరిత్రను గూర్చి ఎవరేమి చెప్పినను గాలిలో దీపమే యని వాదించినవాడును ఆయనయే. ఆ పనిని ఐరోపాలోని పరిషత్తులు మాటలతో సరిపుచ్చగా, 1917లో పూనా నగరమున స్థాపింపబడిన భండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధన మందిరమువారు 1919లో తలకెత్తుకొనిరి. కేంబ్రిడ్జిలో గణితము చదివి, బెర్లినులో భాషాశాస్త్రము నభ్యసించి వచ్చిన విష్ణు సీతారామ సుఖఠంకరుడు 1925లో ప్రధాన సంపాదకుడాయెను. ఆ పని జరిగిన తీరు మీ సభలలో ఒక సాయంకాలమైనను చెప్పదగినది. ఒక్కొక్క శ్లోకమునకు ఒక్కొక్క పత్రము. పత్రము తలపున గడులు గీచి, గడికొక అక్షరము చొప్పున శ్లోకమును వ్రాసి, దాని క్రింద వరుసకొక ప్రతి చొప్పున, ఏ తాళపత్రమున ఏ అక్షరము మారినదో ఆ గడిలోనే ఎక్కింతురు. శారదాలిపి చదువువాడొకడు, మలయాళలిపి చదువువాడొకడు, మన తెలుగులిపి చదువువాడొకడు, గ్రంథలిపి చదువువాడొకడు కూర్చుండి ఇట్లు ఏండ్ల తరబడి అక్షరములను పోల్చిరి. తంజావూరి సరస్వతీమహలు నందును, శాంతినికేతనమునందును ఈ పనికి శాఖలుండెను. ఒక్క ఆదిపర్వ నిర్ణయమునకే అరువది ప్రతులు ఉపయోగింపబడినవి. ఆ పర్వము 1933లో ముగిసినది. కడపటి సంపుటము 1966లో వెలువడునప్పటికి పోల్చిచూచిన ప్రతులు మొత్తము 1,259 అని లెక్క. సుఖఠంకరుడు దానిని చూడలేదు, 1943లోనే గతించెను.

కాశ్మీరమునకును కేరళమునకును నడుమ ఎంత దూరమున్నదో మీరెరుగుదురు. ఆ రెండు కొనల ప్రతులు ఒకదానిని చూచి ఒకటి వ్రాసికొన్నవి కావు గనుక, రెండును ఏకీభవించుచోట అది ప్రాచీనపాఠమై యుండవలెననియు, ఏదో యొక ప్రాంతపు ప్రతులలో మాత్రమే యున్నది పిమ్మట చేరినదై యుండవలెననియు ఆయన పాటించిన ప్రధానసూత్రము. ఆ సూత్రమును ప్రయోగింపగా గణేశుని కథ మూలమునుండి జారి అనుబంధములోనికి పోయినది. ఆ యెనిమిదివేల యెనిమిదివందల లెక్కయు దానితోడనే పోయినది. ఇందుకు ఎవరును నొచ్చుకొనవలసిన పని లేదు. కథ పోలేదు, దాని వయస్సు మాత్రము తెలిసినది. భారతము అప్పటికే జటిలమై, కొరుకుడుపడనిదై, మహత్తరమై తోచిన యే శతాబ్దమందో ఒక కవి ఆ జటిలతకు కారణము చెప్పబూని అల్లిన ఉపాఖ్యానమది. అట్లు చెప్పి చూడుడు; దాని అందమొక వీసమైనను తగ్గదు.

ఈ సందర్భమున మరియొక సంగతి. కేశవుడు పడిపోగా చూచి ద్రోణుడు హర్షించెననియు, కౌరవులు రోదించిరనియు పైకి వినబడు శ్లోకమొకటి చదివి, సభ నివ్వెరపోయిన పిదప పదములు విరిచి, అది నీటిలోని శవమును చూచిన కాకి సంతోషమని విప్పి, చప్పట్లు కొట్టించుట మీలో కొందరికి పరిపాటి. అది భారతశ్లోకము కాదు. శబ్దచమత్కృతికై యెవరో కట్టిన ప్రహేళిక. వ్యాసుని కూటశ్లోకములకు అదియే మచ్చుతునక యని చెప్పుట, ఎవరి సొమ్మునో ఎవరి ఖాతాలోనో వేయుటయే యగును.

సంశోధిత ప్రతియే వ్యాసహస్తలిఖితమని నేననను. అట్లని సుఖఠంకరుడును అనలేదు. లభించిన ప్రతులవలన పోగలిగినంత వెనుకకు పోతిమని మాత్రమే అనెను. ఫ్రెంచి విదుషి మదలేన్ బియార్డో మొదలగువారు, నోటినుండి నోటికి వచ్చిన కావ్యమునకు ఇట్టి పరిష్కారము చేసినచో, ఏ గ్రామమునందును ఏ సూతుడును ఎన్నడును పాడని పాఠమొకటి పుట్టునని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో బలము లేకపోలేదు. నా పక్షమేమనగా, మీరు ఏ పాఠమును చెప్పినను చెప్పుడు, అది ఏ పాఠమో చెప్పుడు. నీలకంఠుడు పదునేడవ శతాబ్దమున కాశిలో వ్యాఖ్య వ్రాసిన పాఠమా, కుంభకోణమున అచ్చైన పాఠమా, వావిళ్లవారు చెన్నపురిలో ప్రకటించిన దాక్షిణాత్య పాఠమా, పూనా పాఠమా యని ఒక్క వాక్యము చాలును.

ఇక గ్రంథము తన పుట్టుకను గూర్చి తానేమి చెప్పుకొనుచున్నది? నైమిశారణ్యమున శౌనకుని ద్వాదశవార్షిక సత్రమునకు వచ్చిన సూతపుత్రుడు ఉగ్రశ్రవసుడు, జనమేజయుని సర్పయాగమున వైశంపాయనుడు చెప్పగా విన్నదానిని మరల చెప్పుచున్నాడు. వైశంపాయనుడు చెప్పినది వ్యాసునివలన నేర్చినది. కథకుని వెనుక కథకుడు, వాని వెనుక మరియొకడు. అంతటితో ఆగక ఆ సూతుడు తొలి అధ్యాయముననే, ఈ యితిహాసమును కవులు మునుపు చెప్పిరి, ఇప్పుడు చెప్పుచున్నారు, ఇకముందును చెప్పుదురు అని పలికి, కొందరు మనువు మొదలుగా, కొందరు ఆస్తీకుడు మొదలుగా, మరికొందరు ఉపరిచరవసువు మొదలుగా భారతమును అధ్యయనము చేయుదురని నిస్సంకోచముగ ఒప్పుకొనుచున్నాడు. మీ ప్రవచనములలో ఈ వాక్యము వినబడినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఒక మహాగ్రంథము తన వాకిటనే నిలిచి, నాకు మూడు వాకిళ్లున్నవని చెప్పుచుండగా, మనము ఒక్కదానినే చూపి తక్కినవానిని మూసివేయుట న్యాయమా?

ఈ ఒక్క వాక్యముమీద రెండు విద్యలు రెండు దారులు తీసినవి. పాశ్చాత్య విమర్శకులకును వారి ననుసరించిన మనవారికిని ఇది గ్రంథము క్రమముగ పెరిగినదనుటకు సాక్ష్యము: కొన్ని ప్రతులు ఉపరిచరవసువు కథతోనే ఆరంభమయ్యెడివనియు, సర్పయాగకథ, ఆ పైని పీఠికలు ఒకటొకటిగ ముందుకు చేరినవనియు వారి యూహ. పదుమూడవ శతాబ్దమున ఉడుపి క్షేత్రమందలి మధ్వాచార్యులకో, అది మూడు ఆరంభములను గూర్చినది కాదు, మూడు అర్థములను గూర్చినది: ఆస్తీకాదియనగా పాండవకౌరవ వృత్తాంతము, మన్వాదియనగా ధర్మభక్త్యాది గుణముల ప్రతిపాదనము, ఔపరిచరమనగా ప్రతివాక్యమును విష్ణుపరముగ గ్రహించుట. గూఢార్థవాదులలో ఆయనను మించినవాడు లేడు. ఐనను అదే ఆచార్యుడు ముప్పదిరెండధ్యాయముల మహాభారత తాత్పర్యనిర్ణయమున, లేఖకులు కొన్నిచోట్ల లేని శ్లోకములు చేర్చుచున్నారనియు, కొన్నిచోట్ల ఉన్నవానిని విడుచుచున్నారనియు, కొన్నిచోట్ల తారుమారు చేయుచున్నారనియు, తెలియకయు తెలిసియు మార్చుచున్నారనియు వాపోయెను. పూనా పండితులకు ఆరువందల యేండ్లకు పైగా ముందు, వారి నోటి మాట ఆయన నోట వచ్చినది. ప్రక్షిప్తమను మాట వినబడగానే అది విదేశీయులు మనపై వేసిన నిందయని మీలో కొందరు కోపించుట చూచినప్పుడెల్ల, ఆ ఆచార్యుని చూపి ఊరకుందమని నాకనిపించును.

పెరిగిన క్రమమును గూర్చి ఎక్కువ చెప్పను. ఉపాఖ్యానములు లేని భారతము ఇరువదినాలుగువేల శ్లోకములని గ్రంథమే చెప్పుచున్నది; ఆశ్వలాయన గృహ్యసూత్రము భారతమును, మహాభారతమును వేరువేరుగ పేర్కొన్నది; క్రీ. శ. ఆరవ శతాబ్దపు ఖోహ్ తామ్రశాసనములు దీనిని శతసాహస్రీ సంహితయని పిలుచుచున్నవి. మధ్యాసియాలోని కిజిల్‌లో దొరకిన కుషాణకాలపు చినిగిపోయిన తాళపత్రములలోని పర్వముల పట్టికలో విరాటానుశాసన పర్వముల పేర్లు కానరావు. గణేశకథలోని ఎనిమిదివేల ఎనిమిదివందలను తీసికొని, అదియే తొలి 'జయ' కావ్యపు పరిమాణమని కొందరు ఆధునికులు చెప్పుటయు సాహసమే. ముడిశ్లోకముల లెక్కను మూలగ్రంథపు లెక్కగ మార్చుటకు ఆ పద్యము ఒప్పుకొనదు. జర్మను దేశీయులలో దాల్మన్ 1895లో ఇది ఆద్యంతము ఒక్కచేతి పనియనెను. హోల్ట్స్‌మన్ మొదట కౌరవులే నాయకులనియు, పిమ్మట కథ తిరుగవేయబడినదనియు అనెను. అమెరికా దేశీయుడు హాప్‌కిన్స్ క్రీ. పూ. నాలుగవ శతాబ్దము మొదలు క్రీ. శ. నాలుగవ శతాబ్దము వరకు పొరలు పొరలుగ పెరిగినదని 1901లో తేల్చెను. సుఖఠంకరుడే 1936లో, భృగువంశపు బ్రాహ్మణుల కథలు ఈ గ్రంథమున అవసరమునకు మించి నిండియుండుట చూపి, భార్గవుల చేతిమీదుగ ఇది ఒకప్పుడు నడచినదని ప్రతిపాదించెను. పరశురాముడు ఇరువదియొక్కమారు భూమిని నిఃక్షత్రముగ చేసినమాట ఎన్ని పర్వములలో ఎన్నిమారులు వచ్చునో లెక్కించిన శ్రోతకు ఈ వాదము వెంటనే బోధపడును.

కాలనిర్ణయము మాట. యుద్ధము క్రీ. పూ. 3138లో జరిగెనని మీరు పంచాంగము చదివినట్లు చదువుదురు. కలియుగారంభము 3102, మౌసలపర్వము ప్రకారము శ్రీకృష్ణనిర్యాణము యుద్ధమునకు ముప్పదియారవయేట, రెంటిని కలుపగా 3138. మన కోట వెంకటాచలముగారు ఈ పక్షమున జీవితమంతయు వాదించిరి. వారి దీక్షకు నమస్కారము. కాని క్రీ. శ. 634 నాటి ఐహొళె శాసనమున రవికీర్తి, భారతయుద్ధము నుండి 3735 సంవత్సరములు గడచినవని చెప్పి, యుద్ధమునే 3102 చెంత నిలిపెను. అతనికి ఆ ముప్పదియారేండ్ల యెడము లేదు. వరాహమిహిరుడు వృద్ధగర్గుని మతమని చెప్పి యుధిష్ఠిరుని, శకారంభమునకు 2526 సంవత్సరములు ముందుంచెను. కాశ్మీర చరిత్రకారుడు కల్హణుడు దానినే అంగీకరించి, కలిలో 653 ఏండ్లు గడచిన పిదప కురుపాండవులుండిరని వ్రాసెను. పరీక్షిజ్జననము మొదలు నందాభిషేకమువరకు విష్ణుపురాణము 1015 ఏండ్లనియు, మత్స్యము 1050 అనియు, భాగవతము 1115 అనియు చెప్పుచుండగా, ఆ లెక్కన యుద్ధము క్రీ. పూ. పదునైదవ శతాబ్దమునకు దిగివచ్చును. వీరిలో ఒక్కడును మ్లేచ్ఛుడు కాడు. హస్తినాపురమున 1950–52 నడుమ త్రవ్వించిన బి. బి. లాల్‌గారికి దొరకిన చిత్రిత ధూసర మృణ్మయపాత్రలును, గంగవరదలో కొట్టుకొనిపోయిన పొరయు ఇంకను తరువాతి కాలమును సూచించుచున్నవి. మన సంప్రదాయమే ఏకవాక్యత లేక విభేదించుచుండగా, వేదికపై ఒక్క సంఖ్యను చెప్పి తక్కినవానిని మింగివేయుట సంప్రదాయరక్షణ యెట్లగును?

గ్రహస్థితులను యంత్రగణకముల కెక్కించి తేదీ తేల్చినామనువారికి ఒక్క మాట. భీష్మపర్వారంభమున వ్యాసుడు ధృతరాష్ట్రునకు చెప్పు ఉత్పాతములలో శని రోహిణిని పీడించుచున్నాడు. కొలది శ్లోకముల పిదప అదే శని బృహస్పతితో కూడి విశాఖ సమీపమున వెలుగుచున్నాడు. రోహిణికిని విశాఖకును ఆకాశమున ఎంత యెడమో జ్యోతిష్కులకు చెప్పవలసినది లేదు. ఆ జాబితాలోనే ఆవుల కడుపున గాడిదలు పుట్టుచున్నవి, ఆడుగుఱ్ఱము కోడెదూడను ఈనుచున్నది. శనిని వేధశాలలో చూచినట్లు లెక్కగట్టువారు, ఆ గాడిదలను ఏ లెక్కలో వేయుదురో తెలియదు.

ఇప్పుడు గూఢార్థములకు వచ్చెదను. పంచపాండవులు పంచేంద్రియములు, లేదా పంచప్రాణములు, ద్రౌపది కుండలిని, ధృతరాష్ట్రుడు అంధమైన మనస్సు, నూరుగురు కౌరవులు నూరు దుర్గుణములు, కురుక్షేత్రము దేహము. ఇట్టి వ్యాఖ్య మీతో మొదలుకాలేదు. గాంధీ మహాత్ముడు అనాసక్తియోగ పీఠికలో, ఈ యుద్ధము మనుష్యహృదయమున నిత్యము జరుగు ద్వంద్వమని తన యభిప్రాయమును చెప్పెను. ఐరోపాలో లూడ్విగ్ పాండవులను ఋతువులుగను ద్రౌపదిని భూమిగను భావించెను. ఇరువదవ శతాబ్దమున వికాండరును, ఆయన ననుసరించి ద్యుమెజిల్ పండితుడును ధర్మరాజున రాజధర్మమును, భీమార్జునులయందు క్షాత్రబలమును, అశ్వినీపుత్రులైన కవలలయందు సమృద్ధిని చూచి, అతిప్రాచీనమైన దేవతావ్యవస్థ యొకటి వీరుల రూపమున దిగివచ్చినదనిరి. ఈ చివరిదానికి ఒక బలము కలదు: పాండవుల తండ్రులెవరో భారతమే చెప్పుచున్నది గనుక, తాళపుచెవి గ్రంథములోనే దొరకినది. తక్కినవానికి అది లేదు. ఇంద్రియములు ఐదు, పాండవులు ఐదుగురు. ఇంతకు మించిన యాధారము చూపనివానిని ఏ పరీక్షలో ఉత్తీర్ణుని చేయగలము?

భారతమున నిజముగ గూఢభాషణ యున్న ఘట్టమొకటి యున్నది. దానిని మీరు లక్కయింటి కథలో రెండు నిమిషములలో దాటవేయుదురు. వారణావతమునకు పోవు పాండవులను సాగనంప వచ్చిన పౌరుల గుంపు వెనుదిరిగిన పిదప విదురుడు యుధిష్ఠిరునితో, ఇతరులకు తెలియని భాషలో, లోహముతో చేయబడక శరీరమును కోయు వాడిశస్త్రమొకటి కలదనియు, అడవిని కాల్చునది బిలమునందున్నవానిని కాల్చలేదనియు, ఏదుపంది తన బొరియలో దూరి అగ్నినుండి బయటపడుననియు, తిరుగువానికి దారులు తెలియుననియు, నక్షత్రములచే దిక్కులు తెలియుననియు చెప్పును. తెలిసినదని ధర్మజుడు ఒక్క మాట యనును. విదురుడు వెడలిపోయిన పిదప కుంతి దగ్గరకు వచ్చి, నలుగురిలో ఆయన ఏదో చెప్పియు చెప్పనట్లు చెప్పెను, నీవు సరేయంటివి, మాకేమియు తెలియలేదు, వినదగినదైన చెప్పుమని అడుగును. కొడుకు దాచడు: ఇంటివలన అగ్నిభయము గలదని తెలిసికొమ్మనెను, నీ వెరుగని దారి యుండరాదనెను, తెలిసినదంటిని అని చెప్పును. కథ అంతటితో ముగియదు. కొంతకాలమునకు విదురుడు పంపిన ఖనకుడొకడు రహస్యముగ వచ్చి, తన్ను నమ్ముటకు గుర్తుగ, విదురుడు నీతో పరభాషలో పలుకగా నీవు సరేయంటివి గదా యని ఆ మాటనే చెప్పును. వాడు ఇంటినడుమ బిలము త్రవ్వును. ఆ బిలమున పాండవులు ప్రాణములు దక్కించుకొందురు.

గూఢార్థమునకు ఇంతకంటె స్పష్టమైన లక్షణము నాకు తోచదు. దాచవలసిన కారణమొకటి యున్నది, చుట్టునున్నవారిలో శత్రువుల చారులుండవచ్చును. అర్థము గ్రహింపగల వాడొకడున్నాడు. అడిగినవారికి అర్థము ఇంటిభాషలో విప్పబడినది. విప్పిన యర్థము సరియైనదని బిలము త్రవ్వువాడు వచ్చి రుజువు చేసెను. మీరు చెప్పు కుండలిన్యర్థమునకు ఈ నాలుగింటిలో ఏది కలదు? ద్రౌపది కుండలిని యైనచో, జూదమున తన్నోడిన భర్తకు పిదప తన్నొడ్డు అధికారమెక్కడిదని ఆమె నిండుసభలో అడిగిన ప్రశ్నకు భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తలదించుకొనుట యెందుకు? ఆ ప్రశ్న స్త్రీ అడిగినది, రక్తమాంసములు గల స్త్రీ. దానికి ఈనాటికిని సభలు సరియైన సమాధానము చెప్పలేదు. దానిని యోగశాస్త్రముగ మార్చినచో సభకు గండము గడచును, నిజమే.

అంతరార్థమే లేదని నా వాదము కాదు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము చివరి ఉద్యోతమున, మహాభారతమునకు శాంతమే ప్రధానరసమనియు, మోక్షమే ప్రధానపురుషార్థమనియు, అది వాచ్యముగ చెప్పబడక వ్యంగ్యముగ ధ్వనించుచున్నదనియు నిరూపించెను. ఆయన చూపిన యుక్తి ఏది? గెలిచిన పాండవులకును, సాక్షాత్తు కృష్ణుని యదువులకును కలిగిన నీరసమైన తుద. పదములు విరువలేదు, సంఖ్యలు కలుపలేదు. కథను తుదివరకు చదివెను. సుఖఠంకరుడును, ఏ చేతులతో గణేశకథను అనుబంధమునకు పంపెనో ఆ చేతులతోనే, 1942లో భారతార్థమును గూర్చి ఉపన్యాసములు వ్రాసెను. లౌకికము, ధార్మికము, పారమార్థికము అను మూడు భూమికలపై ఆ గ్రంథమును చదువవచ్చునని ఆయన మతము. నాలుగవ ఉపన్యాసము చదువకముందే ఆయన కన్నుమూయగా, అవి 1957లో పుస్తకముగ వెలువడినవి. అక్షరమక్షరము తూచినవాడు అర్థమునకు విరోధి కానక్కరలేదని చూపుటకు నాకంతకంటె మంచి సాక్షి దొరకడు.

మన కవిత్రయమును మరువరాదు. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ప్రేరణచే నన్నయ ఆరంభించిన ఆంధ్రభారతము, పూనావారికి పదునొకండవ శతాబ్దమున దక్షిణదేశమున భారతపాఠము ఎట్లుండెనో తెలుపు సాక్ష్యములలో ఒకటియైనది. జావా ద్వీపపు అనువాదముతోను క్షేమేంద్రుని సంగ్రహముతోను సరిసమానముగ దానిని వారు పట్టిచూచిరి. తిక్కన ఏడువందల శ్లోకముల భగవద్గీతను కొన్ని పద్యములలో ముగించి కథను ముందుకు నడిపెను. అది సాహసమో, ఔచిత్యమో మీరు మీరు తేల్చుకొనుడు. మూలమునకును తనకును నడుమ నున్న యెడమును ఎరిగిన కవి చేసిన పని యది. మీరు మాత్రము తిక్కన పద్యము చదివి వ్యాసుడనెనందురు, వ్యాసునిదని చెప్పి భాగవతములోనిది కలుపుదురు, సినిమాలో చూచినది నడుమ దొర్లించుదురు. ఎవరి మాట వారిదని చెప్పినచో ముగ్గురు కవులకును, సినిమా వ్రాసినవారికిని కూడ న్యాయము చేసినవారగుదురు.

నా మనవి చిన్నది. తొలిదినమున మూడు ఆరంభముల వాక్యమును చదువుడు. యుద్ధము ముగిసినదని పట్టాభిషేకముతో సప్తాహమును ముగింపక, స్త్రీపర్వమున గాంధారి ఒక్కొక్క శవమును చూపి కృష్ణుని నిలదీసిన తీరును, మౌసలమున యాదవులు తుంగపరకలతో ఒకరినొకరు చంపుకొనుటను, కడపటి ప్రస్థానమున ఒక్కొక్కరు కూలుచుండగా వెనుదిరిగి చూడని ధర్మజుని నడకను చెప్పుడు. కర్తృత్వమును గూర్చి ఎవరైన లేచి అడిగినచో, నాస్తికుడవా యనక, మధ్వాచార్యులేమనిరో చెప్పి కూర్చుండబెట్టుడు.

అటుపిమ్మట స్వర్గారోహణపర్వమునకు వత్తురు గదా. స్వర్గమున అడుగిడిన యుధిష్ఠిరునకు మొట్టమొదట కనబడువాడు దుర్యోధనుడు. సూర్యునివలె వెలుగుచు, దేవతల నడుమ దివ్యాసనమున కూర్చుండియుండును. తమ్ములును ద్రౌపదియు ఎక్కడని వెదకబోయిన ధర్మరాజునకు దుర్గంధపు చీకటిదారిలో వారి ఆక్రందనములు వినబడును. అది మాయయని ఇంద్రుడు పిమ్మట చెప్పును గాని, దుర్యోధనుని ఆసనము మాయయని ఎక్కడను చెప్పడు. నూరు దుర్గుణములలో జ్యేష్ఠుడైన ఆ దుర్గుణము స్వర్గమున ఏ యోగ్యతచే కూర్చున్నదో మీరు వివరించు దినమున, నేను తప్పక వచ్చి ముందువరుసలో కూర్చుందును.

భవదీయుడు,
మీ శ్రోతలలో ఒకడు